మాత్రలు మింగిన పిల్లల్లో గుండెకు ఆలస్యంగా వచ్చే ముప్పు

మాత్రలు ఎక్కువగా మింగిన ఇంటర్ వయసు పిల్లలను విజయవాడలోనో గుంటూరులోనో ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకొచ్చినప్పుడు, రెండు మూడు గంటలు గడిచేసరికి తల్లిదండ్రుల నోట తరచూ వచ్చే మాట ఒకటుంది: "బాగానే మాట్లాడుతోంది కదండీ, ఇంటికి తీసుకెళ్లిపోతాం." బిడ్డ స్పృహలోనే ఉంది, అడిగినదానికి జవాబు చెబుతోంది, ఒకటి రెండు సార్లు వాంతి అయింది కనుక మందంతా బయటికి పోయిందనే నమ్మకమూ కలిగింది. అలాంటప్పుడు ఇంటి మీదికి మనసు పోవడం సహజమే. అయితే మింగినవి ఏ మాత్రలన్నదాన్ని బట్టి, గుండెకూ రక్తనాళాలకూ జరగబోయే నష్టం ఆ సమయానికి ఇంకా మొదలే కాకపోవచ్చు.

పత్తి, మిర్చి పండించే ఈ ప్రాంతంలో విషం అనగానే జనానికి గుర్తొచ్చేది పురుగుమందు. దాని లక్షణాలు చాలావరకు త్వరగా, కంటికి కనిపించేలా బయటపడతాయి కనుక, మొదటి కొన్ని గంటలు గట్టెక్కితే గండం గడిచినట్టేనన్న అభిప్రాయం ఊళ్లలో బలంగా పాతుకుపోయింది. పురుగుమందుల విషయంలోనే అది అన్నివేళలా నిజం కాదు. మాత్రల విషయంలో అయితే ఆ లెక్క నమ్ముకోదగినది కానే కాదు. మాత్ర కడుపులో కరగాలి, పేగు నుంచి రక్తంలోకి చేరాలి, కొన్ని సందర్భాల్లో కాలేయంలో మార్పు చెంది మరో రసాయనంగా తయారు కావాలి, ఆ తర్వాత గుండె కండరంలోకి వెళ్లాలి. ఈ మెట్లలో ఏది ఆలస్యమైనా, పైకి ప్రశాంతంగా కనిపించే సమయం ఆ మేరకు పెరుగుతుంది. ఆ ప్రశాంతతను చూసి ప్రమాదం లేదని తేల్చేయడం వల్లనే, కాపాడుకోగలిగిన పిల్లలు కూడా ప్రాణాపాయంలో పడుతున్నారు.

ఆలస్యానికి మొదటి కారణం మాత్ర తయారీలోనే ఉంది. బీపీకి, గుండెకు, మానసిక సమస్యలకు వాడే మందుల్లో చాలావాటిని రోజుకు ఒక్కసారి వేసుకుంటే సరిపోయేలా తయారుచేస్తారు. బిందు సేద్యంలో నీరు చుక్క చుక్కగా మొక్క మొదట్లోకి దిగినట్టు, ఈ మాత్ర నుంచి మందు పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల పాటు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. మెటోప్రొలాల్, నిఫెడిపిన్, డిల్టియాజెమ్ వంటి మందులు మన మందుల షాపుల్లో ఈ రూపంలో విరివిగా దొరుకుతాయి. స్ట్రిప్ మీద మందు పేరు పక్కన ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్, ఎల్‌ఏ, రిటార్డ్ అనే అక్షరాలుంటే అది ఈ రకమని అర్థం. ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆ రెండక్షరాలను చూసి, బిడ్డను ఎంతసేపు గమనించాలో డాక్టరు నిర్ణయిస్తారు. అందుకే ఖాళీ అయిన స్ట్రిప్పులను, డబ్బాలను, చెత్తబుట్టలో పడేసినవైనా సరే, ఏరి ఆసుపత్రికి తీసుకెళ్లడం అన్నిటికంటే విలువైన సాయం. "తెల్లటి చిన్న బిళ్లలండీ" అన్న వర్ణన దేనికీ పనికిరాదు; వందలాది మందులు అలాగే ఉంటాయి.

రెండో కారణం కడుపులో జరిగే మార్పు. మాత్రలు పెద్దసంఖ్యలో ఒకేచోట చేరినప్పుడు అవి అతుక్కుని ముద్దగా మారవచ్చు. ఆ ముద్ద అంచుల నుంచి మందు గంటల తరబడి ఊరుతూనే ఉంటుంది. దానికి తోడు, అమిట్రిప్టిలిన్ వంటి కొన్ని మందులు, కొన్ని జలుబు, అలర్జీ మందులు పేగుల కదలికనే మందగింపజేస్తాయి కనుక, తమ సొంత శోషణను తామే వాయిదా వేసుకుంటాయి. కాలేయం కూడా తనకు అలవాటైన పరిమాణాన్ని మాత్రమే సకాలంలో వడగట్టగలదు. అది దాటాక మందు రక్తంలో నిలిచే కాలం పుస్తకాల్లో రాసిన దానికంటే ఎక్కువవుతుంది.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఆమ్లోడిపిన్‌ను ఇక్కడ కాస్త వివరంగా చూడాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాయనమ్మో తాతయ్యో ఉన్న ఇంట్లో ఈ బీపీ బిళ్ల ఉండని ఇల్లు తక్కువ. విడిగా లేకపోయినా, పేరు చివర ఏఎం అని ఉండే జంట మందుల్లో అది కలిసి ఉంటుంది. మామూలు మోతాదులో వేసుకున్నా రక్తంలో దాని స్థాయి గరిష్ఠానికి చేరడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. పెద్దవాళ్లకు రోజుకొక బిళ్ల సరిపోవడానికి కారణమైన ఈ గుణమే, పిల్లలు పొరపాటునో ఆవేశంలోనో మింగినప్పుడు ఆలస్యంగా మొదలై రోజుల తరబడి సాగే సమస్యగా మారుతుంది.

రక్తనాళాల గోడల్లోని కండరం బిగుసుకోవడానికి కాల్షియం కణాల్లోకి ప్రవేశించాలి. ఆమ్లోడిపిన్ ఆ దారిని మూస్తుంది కనుక నాళాలు వదులై బీపీ తగ్గుతుంది. మందు మితిమీరినప్పుడు గుండె కండరానికి కూడా కాల్షియం చాలక దాని సంకోచ శక్తి తగ్గవచ్చు. మొదట్లో వయసు పిల్లల గుండె వేగం పెంచి ఆ లోటును భర్తీ చేస్తుంది. చేతులు, కాళ్లు వెచ్చగానే ఉంటాయి, ముఖం కాస్త ఎర్రబడి ఆరోగ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. షాక్, అంటే బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి, అనగానే చల్లబడిన చేతులు, చెమటలు పట్టిన నుదురు కోసం వెతికే కంటికి ఈ దశలో ఏ తేడా కనిపించదు. ఆ భర్తీ శక్తి తరిగిపోయినప్పుడు బీపీ మెట్లు దిగినట్టు కాక ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదం ఉంది కనుక, ఇది ఐసీయూలో అనుభవమున్న వైద్యుల చేతిలో జరగవలసిన చికిత్స. కాల్షియం ఇంజెక్షన్లు, బీపీని నిలబెట్టే మందులు, వాటితోపాటు చాలామందికి వింతగా తోచే మరో మందు, ఇన్సులిన్, ఇందులో వాడతారు. ఈ తరగతి మందులు క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను అడ్డుకుంటాయి. కష్టంలో ఉన్న గుండె చక్కెరనే ఇంధనంగా కోరుకుంటుంది, ఆ చక్కెర గుండె కణంలోకి వెళ్లడానికి ఇన్సులిన్ కావాలి. అందుకే గ్లూకోజ్‌తో కలిపి ఎక్కువ మోతాదులో ఇన్సులిన్ ఇస్తూ, చక్కెర, పొటాషియం స్థాయిలను పదేపదే పరీక్షిస్తారు. వేళకు మొదలుపెడితే ఈ చికిత్సతో కోలుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. బీపీ పడిపోయేటప్పటికి బిడ్డ మానిటర్ పక్కన ఉందా, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉందా అన్నదే తేడా.

మానసిక సమస్యలకు వాడే మందుల్లో ఎస్సిటలోప్రామ్, సిటలోప్రామ్ వంటివాటి విషయంలో ఆలస్యం మరో రూపంలో వస్తుంది. ఇవి వైద్యుడి సూచనతో వాడినప్పుడు ఎందరో పిల్లలకు మేలు చేసిన మందులే. ఈ వ్యాసం చదివి ఎవరూ వాటిని మానేయకూడదు. మోతాదు మితిమీరినప్పుడు మాత్రం ఇవి గుండెలోని విద్యుత్ వ్యవస్థ మీద పనిచేసి, ఒక్కో కొట్టుకోలు తర్వాత గుండె తిరిగి సిద్ధమయ్యే సమయాన్ని సాగదీస్తాయి. ఆ సమయాన్ని ఈసీజీలో క్యూటీ విరామం అంటారు. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. దాని మీద ఉన్న ఒక్కో చిన్న గడి 40 మిల్లీసెకన్లకు సమానం. గుండె వేగాన్ని బట్టి సరిచేసి లెక్కించిన క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటిందంటే, అంటే పన్నెండున్నర చిన్న గడుల దాకా సాగిందంటే, గుండె లయ అదుపు తప్పే ప్రమాదం బాగా పెరిగినట్టు. ఫ్రెంచి వైద్యుడు డెసెర్టెన్ 1966లో వర్ణించిన టోర్సాడ్ డి పాయింట్స్ అనే లయభంగం ఇలాగే పుడుతుంది: అలలు గీత చుట్టూ మెలితిరిగినట్టు కనిపిస్తాయి, మెదడుకు రక్తం అందక మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. మెగ్నీషియం ఇంజెక్షన్ దానికి ప్రధానమైన మందు.

క్యూటీ సాగడం ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే కనిపించాలన్న నియమం లేదు. సిటలోప్రామ్ విషయంలో అది పన్నెండు గంటలు దాటే వరకు కూడా ముదరవచ్చు కనుక, మొదట తీసిన ఈసీజీ మామూలుగా ఉందన్నంత మాత్రాన పని పూర్తి కాలేదు. కొన్ని గంటల వ్యవధితో మళ్లీ మళ్లీ తీసి పోల్చి చూడాలి. మన చిన్న ఆసుపత్రుల్లో, ఊళ్లలోని ఆర్‌ఎంపీల దగ్గర పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. వాంతులు అవుతున్నాయని వెంటనే ఇచ్చే ఓన్డాన్సెట్రాన్ ఇంజెక్షన్ కూడా క్యూటీని సాగదీసే మందే. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అలాంటిదే. పదేపదే వాంతులై శరీరంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గిన పిల్లకు వీటిని ఆలోచించకుండా ఇస్తే మంట మీద ఆజ్యం పోసినట్టవుతుంది. ఏ మాత్రలు మింగిందీ దాచకుండా చెప్పడం ఎంత అవసరమో, దారిలో ఎక్కడెక్కడ ఏ ఇంజెక్షన్లు చేయించారో పెద్దాసుపత్రిలో చెప్పడమూ అంతే అవసరం.

థైరాయిడ్ మాత్రల ఆలస్యం గంటల్లో కాక రోజుల్లో ఉంటుంది. మాత్రలో ఉండే హార్మోను శరీరంలో నెమ్మదిగా మరింత చురుకైన రూపంలోకి మారుతుంది కనుక, గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, నిద్రలేమి రెండు మూడు రోజుల తర్వాతో, ఇంకా ఆలస్యంగానో మొదలుకావచ్చు. చాలామంది పిల్లల్లో ఇది తీవ్రం కాదు, కానీ వారం పది రోజుల పాటు కనిపెట్టి ఉండాలి.

ఐరన్ మాత్రలది వేరే దారి. బడుల్లో పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్ర రక్తహీనతను తగ్గించే మంచి పథకంలో భాగం. అవే మాత్రలు మితిమీరి కడుపులోకి వెళ్తే తొలి గంటల్లో వాంతులు, విరేచనాలు అవుతాయి. తర్వాత, సుమారు ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య, అన్నీ సర్దుకున్నట్టు కనిపించే దశ రావచ్చు. వాంతులు ఆగాయి, బిడ్డ నిద్రపోతోంది, ఇక భయం లేదనుకునే ఆ దశలోనే ఐరన్ కణాల లోపలికి చేరి వాటి శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తూ ఉంటుంది. ఆ తర్వాత రక్తనాళాలు వదులై, గుండె బలహీనపడి షాక్ రావచ్చు. పారాసిటమాల్ ప్రధానంగా దెబ్బతీసేది గుండెను కాదు, కాలేయాన్ని. అయినా పాఠం ఒకటే కనుక చెప్పాలి. మొదటి రోజు దాదాపు ఏ బాధా ఉండకపోవచ్చు, కానీ దాని విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ మొదటి ఎనిమిది గంటల్లో ఇచ్చినప్పుడే అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. లక్షణాలు వచ్చాక వెళ్దామని ఆగితే ఆ వ్యవధి చేజారుతుంది.

ఈ కారణాలన్నిటి వల్ల, బిడ్డ ఎలా కనిపిస్తోందన్నదాన్ని బట్టి కాక, ఏ మందు, ఎప్పుడు మింగిందన్నదాన్ని బట్టి ఆసుపత్రిలో ఉంచే కాలాన్ని నిర్ణయిస్తారు. త్వరగా పనిచేసే మాత్రలైతే చాలాసార్లు ఆరు నుంచి ఎనిమిది గంటల పరిశీలన సరిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు, ఆమ్లోడిపిన్ వంటివి అయితే ఒక పూర్తి రోజు మానిటర్ మీద ఉంచాలి. ఏం మింగిందో తెలియనప్పుడు ఎక్కువ కాలాన్నే ఎంచుకోవాలి. పిల్లలు చెప్పే లెక్క మీద మాత్రమే ఆధారపడకూడదు: భయంతో తగ్గించి చెప్పవచ్చు, ఒకటి కాక రెండు మూడు రకాలు కలిపి మింగి ఒకదాని పేరే చెప్పవచ్చు, మింగిన వేళను కూడా తప్పు చెప్పవచ్చు.

ఇంట్లో చేసే సొంత వైద్యం ఇక్కడ ఏమాత్రం పనికిరాదు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు పులుసు తాగించి వాంతి చేయించే అలవాటు ఇంకా పోలేదు. మగతగా ఉన్న పిల్లకు అలా చేస్తే ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి అదే మరో ప్రమాదమవుతుంది. వాంతి అయినంత మాత్రాన మందంతా బయటికి వచ్చినట్టూ కాదు. చేయవలసింది 108కి ఫోన్ చేయడం, బిడ్డను ఒంటరిగా వదలకపోవడం, మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, స్ట్రిప్పులు తీసుకుని బయలుదేరడం. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు సలహా ఇస్తుంది. ఆ ఫోన్ ఆసుపత్రికి బదులు కాదు, దారిలో చేయదగినది. తిరువూరులోనో మాచర్లలోనో ఉన్నవారు దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించి, మానిటర్ సౌకర్యం లేకపోతే జాప్యం లేకుండా విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకో, మంగళగిరి ఎయిమ్స్‌కో, ఐసీయూ ఉన్న మరో ఆసుపత్రికో వెళ్లాలి. తీసిన ఈసీజీ కాగితం వెంట తీసుకెళ్తే, తర్వాత తీసే వాటితో పోల్చడానికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

ఇంత తెలిసినా కుటుంబాలు సంతకం పెట్టి బిడ్డను తీసుకెళ్లిపోవడానికి వైద్యంతో సంబంధం లేని కారణాలుంటాయి. పోలీసు కేసు అవుతుందని, కాలేజీలో తెలుస్తుందని, రేపు పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందని భయపడతారు. ప్రాక్టికల్స్ తప్పిపోతాయన్న ఆందోళన కూడా ఉంటుంది. వీటిలో మొదటిదానికి చట్టమే సమాధానం చెబుతోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీలోని పాత 309వ సెక్షన్ లేనే లేదు. ఆసుపత్రి పోలీసులకు సమాచారమివ్వడం ఒక నమోదు ప్రక్రియ. అది బిడ్డను నేరస్థురాలిని చేయదు. ఆ కాగితాల కోసం అత్యవసర చికిత్స ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో స్పష్టం చేసింది. పరువు విషయానికొస్తే, పిల్లలు అమ్మానాన్నల మాటల్లో దాన్నే ముందు వింటారు. మంచం పక్కన నిలబడి "మా పరువు తీశావు" అన్న మాట, ఆ ఒక్క రోజు గుండెకు తప్పిన గండాన్ని మరో రూపంలో తిరిగి తెచ్చిపెడుతుంది.

ఆ ఇరవై నాలుగు గంటలు గుండె కోసం మాత్రమే కాదు. బిడ్డ కాస్త తేరుకున్నాక మానసిక వైద్యుడో సైకాలజిస్టో ఏకాంతంగా మాట్లాడటానికి దొరికే తొలి అవకాశం కూడా అదే. డిశ్చార్జి అయిన తర్వాతి వారాలే మళ్లీ అదే ఆలోచన తలెత్తే ప్రమాదం ఎక్కువగా ఉండే కాలం కనుక, మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ తేదీ లేకుండా ఇంటికి పంపకూడదు, వెళ్లకూడదు. ఆ మధ్యలో మనసు కుంగిన వేళ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలు చేయవచ్చు, తల్లిదండ్రులూ చేయవచ్చు.

వేళకు చికిత్స అందిన పిల్లల్లో చాలామందికి గుండెలో శాశ్వతమైన లోపమేమీ మిగలదు. ఒక్క విషయం మాత్రం తరచూ మరుగున పడుతుంది. ఏ మందైనా శరీరం నుంచి దాదాపు పూర్తిగా పోవడానికి దాని అర్ధ జీవిత కాలానికి, అంటే రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గే సమయానికి, సుమారు ఐదు రెట్ల సమయం పడుతుంది. ఎస్సిటలోప్రామ్‌కు అది సుమారు వారం. అప్పటికీ ఈసీజీలో క్యూటీ పొడవుగానే ఉంటే, కారణం మింగిన మందు కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే దీర్ఘ క్యూటీ సమస్య ఆ బిడ్డలో అంతవరకూ బయటపడకుండా ఉండి ఉండవచ్చు. అది వంశపారంపర్యంగా వచ్చేది కనుక తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా ఈసీజీ తీయించాలి. కుటుంబంలో చిన్న వయసులో కారణం తెలియకుండా హఠాత్తుగా మరణించినవారు, పరుగెత్తుతూ సొమ్మసిల్లినవారు ఉన్నారేమో గుండె వైద్యుడికి చెప్పాలి.

కనుక డిశ్చార్జి కాగితం చేతికి వచ్చినప్పుడు అందులో మింగిన మందు పేరు, చివరి ఈసీజీలో క్యూటీ ఎంత ఉందన్న అంకె, తర్వాతి ఈసీజీ తేదీ, ఇకపై వాడకూడని మందుల జాబితా రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే రాయించుకోవాలి. ఆ కాగితాన్ని మానసిక వైద్యుడికి చూపిస్తే, బిడ్డకు చికిత్స కొనసాగించవలసి వచ్చినప్పుడు గుండె మీద తక్కువ ప్రభావం చూపే మందును ఎంచుకోవడానికి, నెలకు సరిపడా కాక వారానికి సరిపడా మాత్రమే రాయడానికి వీలవుతుంది. ఆ మందూ, నాయనమ్మ బీపీ బిళ్లలూ, తాతయ్య షుగర్ మాత్రలూ ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ డబ్బాలో కాక తాళం వేసిన బీరువాలో ఉండాలి. తాళంచెవి ఇంట్లో ఒక్క పెద్దవారి దగ్గరే ఉండాలి, ఏ పూట మాత్ర ఆ పూట వారి చేతి మీదుగానే అందాలి.